టెక్సస్‌కి కొత్త: అటార్నీ జనరల్ ఎన్నికతో మనకేమైనా పనుందా?

(రాసినవాళ్ళ పేర్లకు బదులు వాళ్ళ ఊళ్ళ పేర్లున్నాయి; ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో టెక్సస్‌లోవి.)

ఇర్వింగ్ (ప్రశ్న): అందరికీ నమస్కారం. హెచ్1బి వీసా మీద టెక్సస్ వచ్చి ఎనిమిది నెలలైంది. అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వపు పెద్ద లాయర్) ఎన్నికకి ఓటెయ్యండి, చందా ఇవ్వండి అని ఫోన్‌కి ఒకటే మెసేజ్‌లు. నేనేమైనా చెయ్యాలా? మొదట దిగిన అపార్ట్‌మెంట్ వాళ్ళు డిపాజిట్ తిరిగివ్వట్లేదు, అటార్నీ జనరల్ ఆఫీసుకెళ్తే పనవుతుందా?

ప్లేనో: తమ్ముడూ, ఓటు సిటిజన్లకే. గ్రీన్ కార్డున్నా లేదు. అసలు గండం డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఉంది. ఫారంలో 'ఓటరుగా నమోదు చేసుకుంటారా' అని అడుగుతుంది. 'నో' పెట్టు, సంతకానికి ముందు ఇంకోసారి చూసుకో. పొరపాటున నమోదైపోతే రేపు సిటిజన్‌షిప్‌కి ఎన్-400 నింపేటప్పుడు అదే ప్రశ్న ఎదురవుతుంది. సిటిజన్‌నని అబద్ధమాడినట్టు తేలితే దేశం నుంచి పంపించేదాకా పోతుంది.

ఫ్రిస్కో: జ్యూరీ (కోర్టు కేసులు విని తీర్పు చెప్పే మామూలు జనం) నోటీసు సంగతి కూడా చెప్పండి అన్నా. లైసెన్స్ ఉన్నవాళ్ళ జాబితా నుంచి కూడా పేర్లు తీస్తారు కాబట్టి హెచ్1బి వాళ్ళకీ వస్తుంది. చెత్తబుట్టలో వెయ్యకూడదు. 'సిటిజన్ కాదు' గడిలో టిక్కు పెట్టి తిప్పి పంపాలి. ఇక చందా: గ్రీన్ కార్డ్ వాళ్ళు ఇవ్వొచ్చు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 వీసాల వాళ్ళు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, రాష్ట్ర ఎన్నికైనా సరే. సిటిజన్ స్నేహితుడి చేతికి డబ్బిచ్చి అతని పేరు మీద ఇప్పించడం కూడా నేరమే. జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచెయ్యొచ్చు.

ఎడిసన్: అటార్నీ జనరల్‌ని గవర్నరే వేసుకుంటాడు కదండీ, మధ్యలో ఈ ఎన్నికేంటి?

ప్లేనో: అది మీ న్యూజెర్సీలోనండీ! అలాస్కా, హవాయి, న్యూహాంప్‌షైర్, వయోమింగ్‌లు కూడా అంతే. మెయిన్ రాష్ట్రంలో శాసనసభ, టెనెసీలో అక్కడి సుప్రీంకోర్టు వేస్తాయి. మిగతా 43 రాష్ట్రాల్లో జనమే ఎన్నుకుంటారు. మన ఊళ్ళో అడ్వొకేట్ జనరల్‌ని గవర్నర్ నియమించే పద్ధతి మనసులో పెట్టుకుంటే ఇక్కడ లెక్క తప్పుతుంది.

యాష్‌బర్న్: వర్జీనియాలో 2025లోనే అయిపోయింది. మాకు బేసి సంవత్సరాల్లో వస్తుంది.

ఫ్రిస్కో: కొత్తగా సిటిజన్లయినవాళ్ళు చూసుకోండి. ఇక్కడ టెక్సస్‌లో పోలింగ్ 2026 నవంబర్ 3, నమోదుకి గడువు అక్టోబర్ 5. కొత్తగా నమోదయ్యేవాళ్ళు నెట్‌లో ఫారం నింపేసి అయిపోయిందనుకోవద్దు, ప్రింట్ తీసి సంతకం పెట్టి పోస్టులో వెయ్యాలి. ఒక పార్టీ అభ్యర్థులందరికీ ఒకే నొక్కుడుతో ఓటెయ్యడం 2020 నుంచి లేదు. బ్యాలట్‌లో సెనేటర్, ప్రతినిధి, గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ దాటాక అటార్నీ జనరల్ వస్తుంది. పైన రెండు నొక్కి బయటికొచ్చేస్తే ఆ ఓటు ఖాళీగా పోతుంది.

క్యూపర్టినో: డిపాజిట్ 21 రోజుల్లో ఇవ్వాలి బాబూ, చట్టం.

ప్లేనో: అది కాలిఫోర్నియా లెక్క సార్. ఇక్కడ 30 రోజులు. అదీ మన కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇస్తేనే. చాలామంది తాళాలిచ్చేసి వెళ్ళిపోతారు, అడ్రస్ ఇవ్వరు, అక్కడే దొరికిపోతారు. తమ్ముడూ, అటార్నీ జనరల్ ఆఫీసు ఫిర్యాదు తీసుకుంటుంది గానీ నీ తరఫున కోర్టుకెక్కదు. సర్టిఫైడ్ మెయిల్‌లో అడ్రస్‌తో పాటు డిపాజిట్ అడుగుతూ ఉత్తరం పంపు, రసీదు దాచుకో. ఇవ్వకపోతే జస్టిస్ కోర్టు (చిన్న దావాలు వినేది). 20,000 డాలర్ల దాకా అక్కడే, లాయర్ అక్కర్లేదు. కావాలనే ఎగ్గొట్టారని రుజువైతే 100 డాలర్లు, దానితో పాటు అన్యాయంగా పట్టుకున్న డబ్బుకి మూడింతలు నీకు కట్టాలి.

క్యూపర్టినో: మూడింతలా? మా దగ్గర డిపాజిట్‌కి పైన రెండింతల వరకే.

ఇర్వింగ్: అడ్రస్ ఈమెయిల్‌లో పంపాను అన్నా, సరిపోతుందా?

ప్లేనో: రాతే కాబట్టి వాదించొచ్చు. కానీ అందలేదంటే చూపించడానికి ఏముంటుంది? రేపే ఉత్తరం కూడా వెయ్యి.