కొణిజేడు చారల రాయి కింద “ఆక్సిజన్ పుట్టిన గుర్తు” అని రాస్తే తప్పా?

సైన్సు మాస్టారు:
అందరికీ నమస్కారం. టంగుటూరు దగ్గర కొణిజేడు కొండ తెలిసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు, ఇనుప రాయి ఉన్న కొండ. మా తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లి నాలుగు ముక్కలు ఏరుకొచ్చాం. ఒక నల్ల చార, ఒక తెల్ల చార, మళ్లీ నల్లది, చీర అంచులాగా. అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంటుంది. సైన్సు ఫేర్‌లో మా అమ్మాయి ఒకతె దాని కింద అట్ట మీద ఇలా రాసింది: “సముద్రంలో మొదటిసారి ఆక్సిజన్ పుట్టినప్పుడు నీళ్లలోని ఇనుము తుప్పు పట్టి అడుగున పేరుకుంది. ఈ రాయి ఆ తుప్పే. భూమి మీద ఆక్సిజన్ పుట్టిందనడానికి ఇదే గుర్తు.” జడ్జీగా వచ్చినాయన “ఇది తప్పు, ఎవరు చెప్పారు నీకు” అని అందరి ముందు అడిగి ముందుకు వెళ్లిపోయాడు. ఏది తప్పో చెప్పలేదు. నేను చదువుకున్నప్పుడూ ఇదే చెప్పారు, ఇప్పుడూ చాలాచోట్ల ఇదే చెప్తున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, తప్పెక్కడుంది?

రొయ్యలగుంట:
తప్పేం లేదు మాస్టారూ. మా అల్లూరు వైపు బోరు నీళ్లు పట్టి చూడండి. బకెట్లో పడ్డప్పుడు అద్దంలా ఉంటాయి, పొద్దుగూకేసరికి ఎర్రగా అడుగున తేరుకుంటది. గాలి తగిలింది, ఇనుము ఎర్రబడింది. బకెట్లో జరిగేదే సముద్రంలో జరిగింది, దీనికి జడ్జీ ఎందుకు?

కావలి కుర్రోడు:
అప్పుడు ఎవరైనా మీటరు పెట్టి చూశారా ఏంది 😀

గట్టిరాయి:
మాస్టారూ, ఆ జడ్జీ అడిగిన పద్ధతి బాగోలేదు, కానీ అట్ట మీద రాసింది మాత్రం సరి కాదు. నేను ముప్పై ఏళ్లు రాళ్ల పనిలో ఉన్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను. మొదటిది, అది తుప్పు కాదు. తుప్పు అయస్కాంతానికి టక్కున అంటుకోదు. మీ రాయి మాగ్నటైట్ క్వార్ట్జైట్, అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం చారలున్న గట్టి సిలికా రాయి. పాతకాలపు ఇనుము, సిలికా బురద లోతుకి దిగిపోయి వేడికీ ఒత్తిడికీ మారిన రాయి. మాగ్నటైట్‌లో మూడు ఇనుము పరమాణువులుంటే రెండు పూర్తిగా ఆక్సిడైజ్ అయినవి, ఒకటి కానిది. అసలు బురదలో ఏముండేదో అందులో సగం చెరిగిపోయింది.

రెండోది ఇంకా ముఖ్యం. అంత ఇనుము సముద్రం అడుగున వేడినీటి బుగ్గల నుంచి బయటికొచ్చి, నీళ్లలో కరిగి, అంత దూరం ప్రయాణం చేసిందంటే ఆ లోతు నీళ్లలో ఆక్సిజన్ లేదనే కదా అర్థం? ఉంటే దారిలోనే అడుగుకి పడిపోయేది. అంటే చారల రాయి ఆక్సిజన్ ఉందనడం కంటే లేదనే గట్టిగా చెప్తుంది. గ్రీన్‌లాండ్‌లో ఇసువా అనే చోట ఇలాంటి రాళ్లే 370 కోట్ల ఏళ్ల నాటివి ఉన్నాయి. గాల్లో ఆక్సిజన్ నిలిచింది 240 నుంచి 230 కోట్ల ఏళ్ల మధ్య. మధ్యలో ఆ 130 కోట్ల ఏళ్ల తేడా సంగతి ఏం చేస్తారు?

రొయ్యలగుంట:
మరి ఎట్టా ఎర్రబడింది సారూ? గాలి లేకుండా ఇనుము ఎర్రబడదు. ఇంతకంటే నాకు తెలియాల్సింది లేదు.

గట్టిరాయి:
ఎర్రబడుతుంది. వెలుతురు వాడుకుని, నీటికి బదులు కరిగిన ఇనుము నుంచే ఎలక్ట్రాన్లు లాక్కునే బాక్టీరియా ఉన్నాయి. 1993లో జర్మన్ శాస్త్రవేత్తలు వాటిని పట్టుకున్నారు. సీసా మూత బిగించి, గాలి చుక్క లేకుండా, వెలుతుర్లో పెడితే ఇనుము తుప్పు రంగులోకి తిరుగుతుంది. అవి ఆక్సిజన్ విడుదల చెయ్యవు.

రొయ్యలగుంట:
అంటే తుప్పు అయ్యిందనే కదా! ఇందాక తుప్పు కాదన్నారు.

గట్టిరాయి:
బురదగా ఉన్నప్పుడు తుప్పు లాంటిదే. ఇప్పుడు ఉన్న రాయి తుప్పు కాదు.

రొయ్యలగుంట:
అదే కదా నేనూ అంటుండేది.

ఉలవపాడు మామిడి:
తుప్పు దగ్గరే రెండు రోజులయ్యింది. మామిడికాయ కోసిన కత్తి గురించి కూడా నన్నడగండి.

సైన్సు మాస్టారు:
గట్టిరాయి గారూ, సరే, ఇనుము చెప్పదు. మరి ఏది చెప్తుంది? 240, 230 కోట్లు అని ఎట్లా అన్నారు?

గట్టిరాయి:
గంధకం. గంధకంలో 32, 33, 34, 36 అని బరువు తేడా ఉన్న నాలుగు రకాలున్నాయి. మామూలు రసాయన చర్యల్లో ఈ రకాలు బరువు లెక్క ప్రకారమే విడిపోతాయి. 33 ఎంత జరిగిందో చూస్తే 34 ఎంత జరిగి ఉంటుందో చెప్పొచ్చు. 2000లో ఫార్కర్, బావ్, థీమెన్స్ అనే ముగ్గురు పాత రాళ్లలో ఈ లెక్క తప్పిందని చూపించారు. అగ్నిపర్వతాల సల్ఫర్ డయాక్సైడ్‌ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైన గాల్లో విరగ్గొడితే అట్లాంటి లెక్క తప్పిన గంధకం పుడుతుంది. అట్లా విరగాలంటే పైన ఓజోన్ గొడుగు ఉండకూడదు. ఆ తేడా కలిసిపోకుండా రాయి దాకా రావాలంటే కూడా ఆక్సిజన్ ఉండకూడదు, ఇప్పుడున్నదాంట్లో లక్షో వంతు ఉన్నా ఆ గుర్తు నిలవదని పవ్‌లోవ్, కాస్టింగ్ లెక్కగట్టారు. పాత రాళ్లలో ఆ గుర్తు ఉంది, తర్వాతివాటిలో లేదు. దీన్ని ఎవరూ సులువుగా కాదనలేరు, ఎందుకంటే ఆ గుర్తు పుట్టేది గాల్లోనే, ఏ ఒక్క గుంట నీళ్లలోనో కాదు.

ఇంకోటి, దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్‌లో పాత నదులు దొర్లించిన పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం), యురేనినైట్ (యురేనియం ఖనిజం) గులకలున్నాయి. ఇప్పటి నదిలో అవి అంత దూరం దొర్లితే గాలికి చెడిపోయి కరిగిపోతాయి. అప్పుడు కరగలేదు.

కావలి కుర్రోడు:
ఓజోన్ గొడుగు లేకపోతే మరి మనం... అదే బాక్టీరియా ఎట్టా బతికింది?

గట్టిరాయి:
నీళ్ల కింద. మిగతాది వేరే పోస్టు పెట్టి అడుగు బాబూ.

సైన్సు మాస్టారు:
మీరు చెప్పింది బాగుంది. నేనూ కొంచెం చదివాను. ఆస్ట్రేలియాలో మౌంట్ మెక్రే షేల్ అని 250 కోట్ల ఏళ్ల నల్ల బురద రాయి ఉంది. దాంట్లో మాలిబ్డినం, రీనియం ఒక్కసారిగా పెరిగాయని 2007లో చూపించారు. ఆ లోహాలు నేల మీద రాళ్లు ఆక్సిజన్ తగిలి చెడితేనే కరిగి సముద్రానికి వస్తాయంట. అంటే పెద్ద మార్పుకి కొన్ని కోట్ల ఏళ్ల ముందే ఒక చిన్న విసురు వచ్చింది. మరి మా పాప రాసిన “మొదటిసారి” ఎందుకు తప్పవుతుంది?

గట్టిరాయి:
అక్కడ డ్రిల్ చేసి తీసిన అదే రాతి కడ్డీని, డ్రిల్ కోర్ అంటాం, 2022లో వేరేవాళ్లు మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టారు. అగ్నిపర్వతాల బూడిద పొరలు, తర్వాత పారిన ద్రవాలు ఆ లోహాన్ని అక్కడికి చేర్చాయనీ, ఆక్సిజన్ విసురు అవసరమే లేదనీ వాళ్ల వాదన. మొదటివాళ్లు ఒప్పుకోలేదు. ఇంకా తేలలేదు. ఇట్లాంటివి చూసే నేను చెప్పేది. 1999లో 270 కోట్ల ఏళ్ల రాయిలో స్టెరాల్ నూనె జాడ దొరికింది, అది తయారవ్వాలంటే ఆక్సిజన్ కావాలి కాబట్టి అప్పటికే ఉంది అన్నారు. పాఠాల్లోకి కూడా ఎక్కింది. 2015లో జాగ్రత్తగా, శుభ్రంగా తీసిన కొత్త కోర్లు చూస్తే ఆ జాడే లేదు, ముందుది తర్వాత అంటుకున్న మురికి. పదహారేళ్లు పట్టింది మాస్టారూ. అట్ట మీద రాసేముందు ఆలోచించాలి.

సైన్సు మాస్టారు:
అయితే పిల్లలు ఏం రాయాలి? “తెలియదు” అనా? మీ లాంటివాళ్లందరూ ఇంతే. తప్పు అనడానికి ముందుంటారు, ఆ కొండకి పిల్లల్ని తీసుకెళ్లి ఇదిగో ఇది అని చూపించినవాడు ఒక్కడు లేడు. నేను బడి అయ్యాక సొంత డబ్బుతో ఆటోలు మాట్లాడి తీసుకెళ్లాను. ఆ పిల్ల వాళ్ల నాన్న పలకల మిల్లులో పని చేస్తాడు. ఫేర్ అయిన రోజు నుంచి రాళ్ల గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

గట్టిరాయి:
నన్ను ఆ జడ్జీ అనుకుంటున్నారా? నేను ఏ ఫేర్‌కీ రాలేదు.

సైన్సు మాస్టారు:
మీరు అనలేదు. కానీ మాట తీరు అదే.

ఉలవపాడు మామిడి:
అన్నా ఇద్దరూ కాస్త మజ్జిగ తాగండి.

గట్టిరాయి:
ఒక మాట చెప్తాను, ఎక్కడా చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసామి లీజు కోసం కొండ పైనుంచి రాయి తెమ్మన్నాడు. నేను బాగున్న చోట బాగున్న ముక్క కొట్టుకొచ్చాను. ల్యాబ్‌లో ఇనుము శాతం బ్రహ్మాండంగా వచ్చింది, కొండ మొత్తానికి అదే శాతం వేసి సంతకం పెట్టాను. తర్వాత డ్రిల్లింగ్ చేస్తే కింద తెల్ల చారలే ఎక్కువ. ఆ మనిషి పొలం అమ్మి డబ్బు పెట్టాడు. అప్పటి నుంచి ఒక ముక్క చూసి కొండ సంగతి ఎవరు చెప్పినా నాకు కడుపులో మండుతుంది, అది తొమ్మిదో తరగతి పిల్ల అయినా సరే. ఆ పిల్ల మీద కోపం కాదు.

రొయ్యలగుంట:
సారూ ఇప్పుడు నాకు మీ మాట ఎక్కింది. నిరుడు ఒక కుర్రాడొచ్చి పొద్దున పదకొండుకి తూము దగ్గర మీటరు ముంచి డీఓ, అదే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఆరు పీపీఎం అని చీటీ రాసిచ్చాడు. ఎండకి నీళ్లు పచ్చగా ఉన్నాయి, ఆరు ఎందుకు రాదు? తెల్లారుజామున నాలుక్కి రొయ్యలన్నీ పైకి తేలాయి. అడుగున నల్ల మట్టి, కుళ్లిన గుడ్డు వాసన. ఏరేటర్లు ఇంకో రెండు వెయ్యాల్సింది, ఆ చీటీ చూసి వెయ్యలేదు. ఎకరన్నర గుంట పోయింది. ఆ ఆరు అబద్ధం కాదు, తూము దగ్గర పదకొండు గంటల నిజం. పైన ఆరు, అడుగున సున్నా, గుంట ఒకటే.

మాస్టారూ, మీ పాప రాసింది కూడా అట్టాంటి చీటీనే. ఎక్కడ, ఎప్పుడు అని లేదు. అది రాసుంటే ఎవరూ ఏమనేవాళ్లు కాదు.

సైన్సు మాస్టారు:
మీ గుంటకి పాపం చాలా నష్టమే. కానీ నేనడిగింది అది కాదు. పిల్లకి గట్టిగా ఒక మాట చెప్పుకునే హక్కు ఉందా లేదా? అన్నిటికీ “ఇంకా తేలలేదు” అంటే ఎవరు రాళ్లు ఏరుతారు?

గట్టిరాయి:
గట్టిగా చెప్పనివ్వండి, నేను వద్దనలేదు. గట్టిగా చెప్పగలిగింది ఉందే! “ఈ ఇనుము కరిగి ఇక్కడి దాకా రావాలంటే లోతు సముద్రంలో ఆక్సిజన్ ఉండకూడదు” అన్నది గట్టి మాట. మీకు “ఉంది” అన్న మాటే కావాలి. “లేదు” అన్నది కూడా కనుక్కున్న సంగతేనని మీరు ఒప్పుకోరు, గొడవంతా అక్కడే ఉంది.

(రెండు రోజులు ఎవరూ రాయలేదు.)

సైన్సు మాస్టారు:
పాపకి గట్టిరాయి గారి సమాధానాలు చదివి వినిపించాను. సీసాలో గాలి లేకుండా తుప్పు అన్నచోట ఆపి మళ్లీ చదవమంది. కొత్త అట్ట తనే రాసింది: “కొణిజేడు, కొండ అంచు మీద దొరికిన ముక్క. పాతకాలపు సముద్రం అడుగు బురద, ఉడికి మారింది. ఇందులోని ఇనుము లోతు నీళ్లలో కరిగి వచ్చింది, కాబట్టి ఆ లోతులో అప్పుడు ఆక్సిజన్ లేదు. గాలి సంగతి ఈ రాయి చెప్పదు, గంధకాన్ని అడగాలి.” పక్కన వాళ్ల నాన్న తెచ్చిన మార్కాపురం పలక ముక్క పెట్టింది, అదీ వంద కోట్ల ఏళ్లు పైబడిన బురదే కాబట్టి దాన్ని కూడా అడగాలంట.

గట్టిరాయి:
“ఉడికి” కాదు, “వేడికీ ఒత్తిడికీ” అని రాయమనండి. పలక ముక్క మంచి ఆలోచన. నల్లగా ఉన్నది ఏరుకోమనండి, బూడిద రంగుది వద్దు. ఆదివారం టంగుటూరు వస్తున్నాను, పెద్ద సుత్తి నా దగ్గరుంది.

రొయ్యలగుంట:
ఉడికి అంటే తప్పేంది సారూ, మాకు అర్థమయ్యింది కదా.

గట్టిరాయి:
ఉడకాలంటే నీళ్లు మరగాలి.

రొయ్యలగుంట:
బురదలో నీళ్లుండవా?