2024 ఎస్‌ఈసీ ఫైనల్ గొడవ: కార్డోసో ఒక్కదానికే సస్పెన్షన్ ఎందుకు? ఓడిన ఎల్‌ఎస్‌యూకి నష్టమెంత?

పాయింట్‌గార్డ్_కాకినాడ

అమెరికా కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్ళకి ప్రశ్న. 2024 మార్చి 10న గ్రీన్‌విల్‌లో జరిగిన ఎస్‌ఈసీ (కొన్ని యూనివర్సిటీల కూటమి, ఇలాంటివాటిని కాన్ఫరెన్స్ అంటారు) టోర్నమెంట్ ఫైనల్ గురించి. సౌత్ కెరొలైనా 79-72తో ఎల్‌ఎస్‌యూని (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఓడించిన మ్యాచ్. నాలుగో క్వార్టర్లో 2:08 మిగిలి ఉండగా గొడవైంది, రెండు జట్లలో కలిపి ఆరుగురిని బయటికి పంపారు. నాకు అర్థం కానివి మూడున్నాయి.

1. ఆరుగురూ బయటికి వెళ్ళినా, తర్వాతి మ్యాచ్‌కి సస్పెన్షన్ సౌత్ కెరొలైనా అమ్మాయి కమీలా కార్డోసోకి మాత్రమే పడింది. ముందు ఫౌల్ చేసింది ఎల్‌ఎస్‌యూ అమ్మాయి ఫ్లాజే జాన్సన్ కదా?
2. రెండు జట్లకీ ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) జాతీయ టోర్నమెంట్‌లో చోటు ఎలాగూ ఖాయం. అలాంటప్పుడు ఈ ఫైనల్ గెలిస్తే ఏమొస్తుంది, ఓడితే ఏం పోతుంది?
3. ఇదే గొడవ మన ఇంటర్ యూనివర్సిటీ మ్యాచ్‌లో జరిగితే రిఫరీలు ఏం చేయాలి?

విజిల్_రెండు

మొదటి ప్రశ్నకి జవాబు చెప్తాను. జరిగింది ఒక గొడవగా కాకుండా నాలుగు వేర్వేరు పనులుగా చూడండి. రిఫరీలు వీడియో రీప్లే మానిటర్ దగ్గర చేసింది అదే.

మొదటిది: బంతి కొట్టేసి ముందుకెళ్తున్న సౌత్ కెరొలైనా అమ్మాయి మిలేజియా ఫుల్‌వైలీని జాన్సన్ పట్టుకుని ఆపింది. బంతి కోసం కాకుండా మనిషిని పట్టుకున్నందుకు ఇంటెన్షనల్ ఫౌల్. శిక్ష రెండు ఫ్రీ త్రోలు, ఆపైన బంతి కూడా అవతలివాళ్ళకే. మ్యాచ్ నుంచి బయటికి పంపే తప్పు కాదిది.

రెండోది: ఫౌల్ తర్వాత నడుస్తూ జాన్సన్ సౌత్ కెరొలైనాకే చెందిన ఆష్లిన్ వాట్కిన్స్‌ని భుజంతో తగిలింది. బంతి ఆగాక జరిగిన స్పర్శ కాబట్టి తప్పే. కానీ దీన్ని 'ఫైటింగ్' కింద లెక్కించలేదు.

మూడోది: కార్డోసో వచ్చి జాన్సన్‌ని నేలమీదికి తోసేసింది. బంతితో గానీ ఆటతో గానీ ఏ సంబంధమూ లేదు. రూల్ బుక్ దీన్ని ఫైటింగ్ అంటుంది. పిడికిలి బిగించి కొడితేనే ఫైటింగ్ అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. దెబ్బ తగలకపోయినా, కొట్టబోయినా ఆ కింద పడొచ్చు.

నాలుగోది: కోర్టులో గొడవ జరుగుతుండగా బెంచ్ మీదివాళ్ళు లైన్ దాటి లోపలికి రావడం. ఊరికే విడదీయడానికి వచ్చినా సరే, బయటికే. హెడ్ కోచ్‌కి మాత్రం సర్దడానికి వెళ్ళే వెసులుబాటు ఉంది.

సస్పెన్షన్ తేడా వచ్చేది ఇక్కడే. ఎన్‌సీఏఏలో ఫైటింగ్‌కి బయటికి వెళ్తే ఆ మ్యాచ్‌తో పాటు తర్వాతి మ్యాచ్ కూడా పోతుంది. అదే సీజన్‌లో రెండోసారి చేస్తే మిగతా సీజన్ మొత్తం పోతుంది. బెంచ్ వదిలినందుకు మాత్రమే వెళ్ళినవాళ్ళకి శిక్ష ఆ మ్యాచ్‌తోనే సరి. వాళ్ళు కూడా చేయి చేసుకుని ఉంటే కార్డోసోతో సమానం అయ్యేవాళ్ళు.

మ్యాచ్ అయ్యాక ఎల్‌ఎస్‌యూ కోచ్ కిమ్ మల్కీ ఎత్తుల తేడా గురించి మాట్లాడారు. కార్డోసో 6 అడుగుల 7 అంగుళాలు, జాన్సన్ 5 అడుగుల 10 అంగుళాలు. చూసేవాళ్ళకి ఆ తేడా కళ్ళకి కొడుతుంది, నిజమే. రూల్‌లో మాత్రం ఎత్తుకి, బరువుకి చోటు లేదు. 'వాళ్ళు మొదలుపెట్టారు' అన్నదానికీ చోటు లేదు. రెచ్చగొట్టినవాళ్ళకి వాళ్ళ శిక్ష వేరేగా రాస్తారు, తోసినవాళ్ళ శిక్ష అందుకోసం తగ్గదు. నా ఉద్దేశంలో ఆరోజు ఆ విషయంలో నిర్ణయం సరైనదే.

క్లాక్_చూడు

పైన చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను, ఎందుకంటే అందరూ తోపులాట గురించే మాట్లాడి అసలు ఫౌల్‌ని వదిలేస్తున్నారు. అప్పుడు స్కోరు 73-66. ఏడు పాయింట్లు అంటే మూడు పాయింట్ల షాట్లే వేసినా కనీసం మూడు అవకాశాలు కావాలి. మిగిలింది 128 సెకన్లు, షాట్ క్లాక్ (బంతి దొరికాక షాట్ వేయాల్సిన గడువు) 30 సెకన్లు. ఆధిక్యంలో ఉన్న జట్టు ప్రతిసారీ క్లాక్ అంతా వాడుకుని, వెనకబడిన జట్టు పది సెకన్లలో షాట్ వేస్తే ఒక్కో చుట్టు 40 సెకన్లు. అంటే ఎల్‌ఎస్‌యూకి దొరికేది సరిగ్గా మూడు చుట్లు.

మామూలు ఫౌల్ చేస్తే ఏమయ్యేది? అమ్మాయిల ఆటలో క్వార్టర్‌కి ఐదో టీమ్ ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు. అవి అయ్యాక బంతి ఫౌల్ చేసిన జట్టుకి వస్తుంది. ఇంటెన్షనల్ అయితే రెండు ఫ్రీ త్రోలూ పోయి, బంతి కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఉన్నవే మూడు చుట్లు, వాటిలో ఒకటి అక్కడే ఖర్చైపోతుంది. వెనకబడిన జట్టు చివర్లో ఫౌల్ చేయాల్సి వస్తే చేయి బంతి మీదికే వెళ్ళాలని కోచ్‌లు గొంతు చించుకునేది అందుకే. జెర్సీ పట్టుకున్నా, నడుం చుట్టూ చేయి వేసినా, వెనకనుంచి లాగినా రిఫరీకి వేరే దారి ఉండదు.

బ్రాకెట్_లెక్కలు

రెండో ప్రశ్నకి జవాబు నేను చెప్తాను.

ఎన్‌సీఏఏ అమ్మాయిల టోర్నమెంట్‌లో 68 జట్లు. 2024లో 32 కాన్ఫరెన్స్‌ల విజేతలకి నేరుగా చోటు, మిగతా 36 కమిటీ ఎంపిక. ఎస్‌ఈసీ లాంటి పెద్ద కాన్ఫరెన్స్‌కి ఆ ఏడాది ఎనిమిది చోట్లు దక్కాయి. కాబట్టి ఫైనల్ ఆడిన ఇద్దరికీ చోటు గురించి బెంగ లేదు. వాళ్ళకి ముఖ్యమైంది సీడ్, అంటే టోర్నమెంట్‌లో కమిటీ ఇచ్చే ర్యాంకు.

అందులోనూ అసలు గీత నాలుగుకీ ఐదుకీ మధ్య ఉంటుంది. ప్రతి రీజియన్‌లో (టోర్నమెంట్‌ని నాలుగు భాగాలుగా చేస్తారు) మొదటి నాలుగు సీడ్‌లు, అంటే మొత్తం 16 జట్లు, మొదటి రెండు రౌండ్లు సొంత కోర్టులో ఆడతాయి. ఎల్‌ఎస్‌యూకి మూడో సీడ్ వచ్చింది, బ్యాటన్ రూజ్‌లోనే ఆడింది. ఫైనల్ గెలిచి రెండో సీడ్ వచ్చినా ఆ రెండు మ్యాచ్‌లూ అక్కడే ఆడేది. మారేది ఆ తర్వాత ఎవరు ఎదురొస్తారన్నది. చివరికి వాళ్ళు రైస్‌నీ, మిడిల్ టెనెసీనీ, రెండో సీడ్ యూసీఎల్ఏనీ దాటి ఎలీట్ ఎయిట్‌లో (చివరి ఎనిమిది జట్ల రౌండ్) అయోవా చేతిలో 94-87తో ఓడారు. ఆ రోజు అయోవా తరఫున కెయిట్లిన్ క్లార్క్ ఒక్కతే 41 పాయింట్లు.

కమిటీ చూసేది సీజన్ మొత్తాన్ని. అప్పటిదాకా ఓటమే లేని జట్టు చేతిలో ఏడు పాయింట్ల తేడాతో ఓడితే పెద్దగా దెబ్బ తగలదు. పైగా ఎస్‌ఈసీ అమ్మాయిల ఫైనల్, జట్లని ప్రకటించే సెలక్షన్ సండేకి వారం ముందే అయిపోతుంది (ఆ ఏడాది సెలక్షన్ మార్చి 17న).

సౌత్ కెరొలైనాకి మాత్రం నష్టం జరిగి ఉండేది ఈ మ్యాచ్‌లో కాదు, ముందురోజు. సెమీఫైనల్లో టెనెసీ మీద రెండు పాయింట్లు వెనకబడి, 1.1 సెకన్లు మిగిలి ఉండగా బంతి కార్డోసోకి చేరింది. కాలేజీ కెరీర్‌లో అప్పటిదాకా ఒక్క మూడు పాయింట్ల షాట్ కూడా వేయని అమ్మాయి. బోర్డుకి తగిలి లోపల పడింది, 74-73. ఆ షాట్ పడకపోతే సీజన్ మొత్తం ఓటమే లేకుండా 38-0 అనే మాటే లేదు.

ఇక సస్పెన్షన్ ఎంత బాధించిందంటే, నిజం చెప్పాలంటే దాదాపు ఏమీ లేదు. మార్చి 22న మొదటి రౌండ్ ప్రత్యర్థి ప్రెస్బిటేరియన్, 16వ సీడ్. కార్డోసో లేకుండా 91-39. తర్వాతి మ్యాచ్‌కి ఆమె తిరిగొచ్చింది. ఏప్రిల్ 7న క్లీవ్‌ల్యాండ్‌లో అయోవా మీద ఫైనల్ 87-75, కార్డోసో 15 పాయింట్లు, 17 రీబౌండ్లు, ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల దశ) ఉత్తమ క్రీడాకారిణి. అదే తోపులాట ఎలీట్ ఎయిట్‌లో జరిగి ఉంటే ఆమె ఫైనల్ ఫోర్ సెమీఫైనల్‌కి దూరమయ్యేది. రూల్ తర్వాతి మ్యాచ్ ఎంత పెద్దదో చూడదు.

ఇక్కడ ప్రెస్బిటేరియన్ సంగతి కూడా చూడండి. వాళ్ళు వచ్చింది బిగ్ సౌత్ అనే చిన్న కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచి, చరిత్రలో మొదటిసారి. ఆ ఫైనల్ ఓడి ఉంటే సీజన్ అక్కడితో సరి, కమిటీ పిలుపు వచ్చే అవకాశమే లేదు. గెలిచారు కాబట్టి ఫస్ట్ ఫోర్‌లో (మొదటి రౌండ్‌కి ముందు జరిగే మ్యాచ్‌లు) సేక్రెడ్ హార్ట్‌ని 49-42తో ఓడించి, రెండు రోజుల తర్వాత నంబర్ వన్ జట్టుతో ఆడారు. 'కాన్ఫరెన్స్ ఫైనల్' అన్న మాట ఒకటే అయినా రెండు చోట్లా అర్థం వేరు. 2025 నుంచి అమ్మాయిల టోర్నమెంట్‌లో ఆడే మ్యాచ్‌లకి కాన్ఫరెన్స్‌లకి డబ్బు కూడా వస్తోంది (మొదటి ఏడాది నిధి 1.5 కోట్ల డాలర్లు). చిన్న కాన్ఫరెన్స్‌లకి ఆ చోటు విలువ ఇంకా పెరిగింది.

పాయింట్‌గార్డ్_కాకినాడ

చాలా వివరంగా చెప్పారండీ. మూడోది మిగిలింది. మన దగ్గర ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్ కదా, బెంచ్ దిగినవాళ్ళందరికీ విడివిడిగా టెక్నికల్ ఫౌల్ రాయాలా? కోచ్‌గా బెంచ్‌ని ఎలా ఆపాలో కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది.

బెంచ్‌కోచ్_వరంగల్

విడివిడిగా రాయక్కర్లేదండీ. ఫిబాలో ఫైటింగ్‌కి 39వ ఆర్టికల్. బెంచ్ ఏరియా గీత దాటి వచ్చిన ప్రతివాళ్ళూ డిస్‌క్వాలిఫై అవుతారు. ఎంతమంది వచ్చినా జట్టుకి ఒకే టెక్నికల్, అది హెడ్ కోచ్ ఖాతాలో. రెండు జట్లవాళ్ళూ వచ్చి శిక్షలు సమానమైతే ఒకదానికొకటి రద్దవుతాయి. హెడ్ కోచ్, మొదటి అసిస్టెంట్ కోచ్ మాత్రం రిఫరీలకి సాయంగా లోపలికి రావచ్చు. వచ్చి ఊరికే నిలబడితే, లేదా నోరు పారేసుకుంటే, వాళ్ళూ బయటికే. మేనేజర్, ఫిజియో కూడా బెంచ్ కిందే లెక్క, మన దగ్గర ఎక్కువగా దొరికిపోయేది వీళ్ళే. డిస్‌క్వాలిఫై అయినవాళ్ళు డ్రెస్సింగ్ రూమ్‌లో ఉండాలి లేదా భవనం వదిలి వెళ్ళాలి. గ్యాలరీలో కూర్చోనివ్వకూడదు.

ఇంకో తేడా: ఎన్‌సీఏఏలా తర్వాతి మ్యాచ్ సస్పెన్షన్ ఫిబా ఆట రూల్స్‌లో దానంతటది రాదు. రిఫరీ రిపోర్ట్ చూసి నిర్వాహకులు తేలుస్తారు.

బెంచ్‌ని ఆపడం మాటలతో అయ్యేది కాదు, ప్రాక్టీస్ చేయించాలి. వారానికి ఒకసారి స్క్రిమ్మేజ్ (జట్టులో వాళ్ళే ఆడుకునే ప్రాక్టీస్ మ్యాచ్) మధ్యలో చెప్పాపెట్టకుండా పొడుగు విజిల్ ఊదండి. బెంచ్ మీదివాళ్ళు వెంటనే కుర్చీకి వీపు ఆనించి, రెండు చేతులతో సీటు అంచు పట్టుకోవాలి. అరవొచ్చు, లేవకూడదు. కోర్టులో ఉన్న ఐదుగురూ సొంత ఫ్రీ త్రో లైన్ దగ్గరికి వెనక్కి నడవాలి. ఎవరైనా ఇరుక్కుంటే దగ్గరున్న సహచరి తన మనిషినే వెనకనుంచి నడుం పట్టుకుని లాగాలి. అవతలి అమ్మాయి మీద చేయి వేయకూడదు. విడదీయబోయి కొట్టినట్టు కనపడేది అక్కడే. త్వరగా కోపం వచ్చే పిల్లని కోర్టుకి దగ్గరి చివర కూర్చోబెట్టకండి, మధ్యలో కూర్చోబెట్టండి, పక్కన అసిస్టెంట్ ఉండాలి.

స్కోరర్స్ టేబుల్ వైపు కూడా చూసుకోండి. గ్రీన్‌విల్‌లో గ్యాలరీ నుంచి ఒక వ్యక్తి టేబుల్ దాటి కోర్టులోకి దిగాడు, పోలీసులు అరెస్ట్ చేశారు. మన ఇండోర్ స్టేడియాల్లో టేబుల్ వెనక మొదటి వరుస చేతికందే దూరంలో ఉంటుంది. ఫైనల్ రోజు ఆ వరుస ఖాళీ పెట్టించి, రెండు చివర్లా ఒక్కో వాలంటీర్‌ని నిలబెట్టమని ముందే అడగండి.

విజిల్_రెండు

రిఫరీ పని కూడా చెప్పేస్తాను. గొడవ మొదలవగానే ముగ్గురూ మధ్యలో దూరకూడదు. ఇద్దరు విడదీయాలి, మూడోవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేసి రెండు బెంచ్‌లూ కనపడేలా నిలబడి, దాటినవాళ్ళ జెర్సీ నంబర్లు నోట్ చేసుకోవాలి. మన దగ్గర చాలా మ్యాచ్‌లకి ఇద్దరే రిఫరీలు, వీడియో రివ్యూ ఉండదు. అప్పుడు దగ్గరున్న రిఫరీ విడదీస్తే, రెండోవాళ్ళు నంబర్లు చూడాలి. టేబుల్ దగ్గర కమిషనర్ ఉంటే వాళ్ళని కూడా బెంచ్‌లు గమనించమని మ్యాచ్‌కి ముందే చెప్పుకోండి. తర్వాత రెండు జట్ల కోచ్‌లనీ కలిపి పిలిచి నిర్ణయం చెప్పండి, ఒకరికి ముందు ఒకరికి తర్వాత వద్దు.

రిపోర్ట్‌లో ఈ వరుసలో రాయండి: క్వార్టర్, గడియారంలో మిగిలిన సమయం, స్కోరు, బంతి ఎవరి దగ్గరుంది, మొదటి స్పర్శ ఎవరిది, ఆ తర్వాత ఒక్కొక్కరూ చేసింది నంబర్‌తో సహా. 'దురుసుగా ప్రవర్తించింది' అని రాస్తే కమిటీలో నిలబడదు. '15వ నంబర్ రెండు చేతులతో ఛాతీ మీద తోసింది, 8వ నంబర్ వెల్లకిలా పడింది' అని రాయండి.