టైమింగ్ వయొలేషన్‌ని ‘జాప్య దోషం’ అనొచ్చా?

ప్రశ్న: చిప్ డిజైన్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. టేపౌట్ (డిజైన్‌ని తయారీకి పంపే ఘట్టం) దగ్గర పడ్డాక టైమింగ్ వయొలేషన్లు (సిగ్నళ్ల సమయం తప్పడం) ఎలా సరిచేస్తారన్నది విషయం. వయొలేషన్‌కి ‘జాప్య దోషం’, స్లాక్‌కి (ఉన్న సమయానికీ పట్టే సమయానికీ తేడా) ‘వెసులుబాటు’ అని రాశాను. సరేనా?

జవాబు: ‘జాప్య దోషం’ సగం కథేనండీ. సెటప్ వయొలేషన్‌లో డేటా నిజంగానే ఆలస్యంగా వస్తుంది, క్లాక్ అంచు (క్లాక్ సిగ్నల్ మారే క్షణం) వచ్చేసరికి ఫ్లాప్ (ఆ క్షణంలో డేటాను పట్టి ఉంచే చిన్న మెమరీ) ముందు ఇంకా కుదురుకోదు. హోల్డ్ వయొలేషన్‌లో దీనికి ఉల్టా. కొత్త డేటా మరీ తొందరగా వచ్చి, ఫ్లాప్ ఇంకా పట్టుకుంటూ ఉన్న పాత విలువను చెరిపేస్తుంది. అక్కడ జాప్యం జబ్బు కాదు, మందు! బఫర్లు, డిలే సెల్స్ దూర్చి కావాలనే ఆలస్యం పెంచుతాం. సెటప్‌కైతే గేట్ల సైజు పెంచడమో, తక్కువ థ్రెషోల్డ్ వోల్టేజీ సెల్స్ (తక్కువ వోల్టేజీకే ఆన్ అయ్యే, వేగమైన గేట్లు) పెట్టడమో చేస్తాం. దాంతో లీకేజీ (ఆఫ్‌లో ఉన్నా కారే కరెంటు) పెరిగి పవర్ టీమ్ గొణుగుతుంది, అది వేరే సంగతి. ‘ఆలస్యం అమృతం విషం’ సెటప్‌కి, ‘నిదానమే ప్రధానం’ హోల్డ్‌కి.

కాబట్టి ‘ఆలస్య దోషం’, ‘తొందర దోషం’ అని విడదీయండి. చిప్ తయారై వచ్చాక మొదటిది బయటపడితే క్లాక్ తగ్గించి గట్టెక్కవచ్చు. రెండోదానికి ఆ దారి లేదు. హోల్డ్ లెక్కలో క్లాక్ పీరియడ్ ఉండదు, ఎంత నెమ్మదిగా నడిపినా తప్పు తప్పే. చివరి వారాల్లో అసలు టెన్షన్ దాంతోనే.

మరో జవాబు: ‘వెసులుబాటు’ వినసొంపుగా ఉంది గానీ మైనస్‌లోకి వెళ్లదు. 1 గిగాహెర్ట్జ్ క్లాక్‌కి ఒక్కో పీరియడ్‌లో 1000 పికోసెకన్లు ఉంటాయి. సెటప్ సమయంతో (అంచుకు ముందు డేటా కుదురుగా ఉండాల్సిన వ్యవధి) కలిపి డేటా దారికి 1020 పడితే స్లాక్ మైనస్ 20. దాన్ని ‘మైనస్ వెసులుబాటు’ అంటే ఎవరికి ఎక్కుతుంది? ‘20 లోటు’ అనండి, ప్లస్ అయితే ‘మిగులు’. బడ్జెట్ వార్తల్లో అందరూ చదివే మాటలే.

ప్రశ్న అడిగినవారు: బాగుంది, మార్చేస్తాను. ఈసీఓని (చివర్లో చేసే చిన్న డిజైన్ మార్పు) అలాగే ఉంచుతున్నాను. స్పేర్ సెల్స్‌కి (అవసరానికని చిప్‌లో ముందే ఉంచే అదనపు గేట్లు) ‘స్టెప్నీ గేట్లు’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు: సరదాగా ఉంది, కానీ అర్థం పక్కదారి పడుతుంది. పంక్చరైన టైరు తీసిన చోటికి స్టెప్నీ వెళ్తుంది. స్పేర్ సెల్ కదలదు. ట్రాన్సిస్టర్ పొరల మాస్కులు ఖాయమైపోయాక మార్చగలిగేది పై మెటల్ పొరలే కాబట్టి, ముందే చల్లిపెట్టిన ఆ సెల్స్ దగ్గరికి మనమే తీగలు లాక్కెళ్లాలి. దగ్గర్లో సరైన సెల్ దొరక్కపోతే తీగ పొడవై కొత్త ఆలస్య దోషం పుడుతుంది. ఈ చిక్కు వ్యాసంలో రావాలంటే ‘రిజర్వు గేట్లు’ నయం.