అప్‌డేట్: ఊరెళ్లిన పిల్లలకు జర్నల్స్ తెరుచుకుంటున్నాయి

పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన పీజీ పిల్లలు సెలవులకు ఊరెళ్తే ఆన్‌లైన్‌లో జర్నల్స్ (పరిశోధన పత్రికలు) తెరుచుకోవట్లేదని, ఏం చేయాలని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా. విశాఖలో మాది ప్రభుత్వ కాలేజీ లైబ్రరీ, రిఫరెన్స్ డెస్క్‌లో ఇద్దరమే.

మీరు చెప్పినట్టే, యూనివర్సిటీ, కాలేజీ లైబ్రరీల కోసం పనిచేసే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్‌లో (కాలేజీ ఖాతాతో బయటి నుంచీ లాగిన్ అయ్యే ఏర్పాటు) పిల్లల పేర్లు ఎక్కించాం. 2025 జనవరి 1న మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 ప్రచురణ సంస్థలవి దాదాపు 13,000 జర్నల్స్ వస్తున్నాయి. క్యాంపస్ నెట్‌లో ఐపీ అడ్రస్‌ను (ఆ నెట్ కనెక్షన్ గుర్తింపు సంఖ్యను) బట్టి నేరుగా తెరుచుకుంటాయి. బయటైతే ఇన్‌ఫెడ్ లాగిన్ కావాలి. అసలు ఈ తేడా మేమే పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు! పాపం, వాళ్లు ప్రచురణ సంస్థ సైట్‌లో సొంత ఖాతా తెరిచి, డబ్బులు కట్టమంటోందని వదిలేసేవారు. సంస్థ ద్వారా లాగిన్ అయ్యే చోట నొక్కి కాలేజీ పేరు ఎంచుకోవాలని స్క్రీన్‌షాట్లతో తెలుగులో ఒక పేజీ తయారుచేసి వాట్సాప్‌లో పంపాం.

ఆదివారం పాడేరు నుంచి ఒకమ్మాయి ఫోన్: "మేడమ్, పీడీఎఫ్ దిగింది!" ఎంత సంతోషమేసిందో.

సిగ్నల్ అందని ఊళ్ల పిల్లల్ని మాత్రం శుక్రవారమే కావలసిన వ్యాసాలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకు వెళ్లమంటున్నాం. థీసిస్‌లకైతే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారిదే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండారం ఉంది, లాగిన్ గొడవే లేదు.

దారి చూపిన అందరికీ ధన్యవాదాలండీ.