మాల తీసిన మర్నాడు: దీక్ష మనిషిని మారుస్తుందా?

చెరువుగట్టు (పాలకొల్లు):
మూడేళ్లుగా అయ్యప్ప మాల వేస్తున్నాను. ఆ 41 రోజులూ సిగరెట్టు ముట్టను, మద్యం వాసన దరిదాపులకు రానివ్వను. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన కొద్ది రోజులకే రెండూ మళ్లీ మొదలవుతాయి. మూడుసార్లూ ఇదే తీరు. ఇప్పుడు నాలుగో మాల వేయబోతున్నానని చెబితే మా బావగారు నిన్న ముఖం మీదే అనేశారు: "నెలన్నర మానగలిగినవాడివి ఏడాదంతా మానలేవా? అంటే నీకు మానాలని లేదన్నమాట." రాత్రి నిద్ర పట్టలేదు. దీక్షతో మనిషి నిజంగా మారతాడా? లేక కొన్నాళ్లు అలవాట్లకు సెలవిచ్చి ఊరుకుంటాడా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

లంక మాస్టారు (కోటిపల్లి):
మీ బావగారి మాట కటువుగా ఉన్నా నిజమే తమ్ముడూ. మా నాన్నగారు లంక పొగాకు చుట్ట లేనిదే పొద్దున లేచేవారు కాదు. ఒక శివరాత్రి నాడు మా రేవులో స్నానం చేసి, చుట్టల కట్ట గోదావరిలో వదిలేశారు. ఆ తరువాత ముప్పై ఏళ్లు బతికారు, ఒక్కటి కాల్చలేదు. మాలా లేదు, గురుస్వామీ లేరు. బయటి కట్టడి మనిషిని మార్చగలిగేదైతే 1995లో రాష్ట్రమంతా పెట్టిన మద్యనిషేధం మార్చి ఉండాలి. దొంగసారా ఊరూరా పాకింది, 1997లో నిషేధం సడలిపోయింది. మనసులో గట్టి నిర్ణయం లేకపోతే ఏ నియమమైనా పైపూతే.

తెల్లకోటు (అమలాపురం):
మాస్టారూ, నేను నర్సుని. మీ నాన్నగారి సంకల్పానికి నమస్కారం. కానీ అలాంటివారు ఒకరుంటే, మానలేక తమను తాము తిట్టుకుంటూ మా ఆసుపత్రి మెట్లు ఎక్కేవారిని నేను రోజూ చూస్తున్నాను. వాళ్లకు పట్టుదల లేదంటే నేను ఒప్పుకోను.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 96 మందితో ఒక పరిశీలన చేశారు. భోజనంతో పాటు నీళ్లు తాగడం, కాసేపు పరుగెత్తడం వంటి చిన్న పనిని రోజూ ఒకే సందర్భంలో చేయమన్నారు. అది ఆలోచించకుండానే జరిగిపోయే అలవాటుగా మారడానికి సుమారు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంటుందని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం కనిపించలేదు. ఇది కొత్త అలవాటు మొదలుపెట్టడం గురించి, వ్యసనం మానడం గురించి కాదు. అయినా 41వ రోజుకే అంతా స్థిరపడాలని ఎందుకు ఆశించాలి?

ఇంకొకటి. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు ఇంటికి వచ్చాక పరిశీలించారు. ఎక్కువమంది మళ్లీ బానిసలు కాలేదు. చోటు మారింది, చుట్టూ మనుషులు మారారు. చెరువుగట్టు గారూ, మీ విషయంలో 41 రోజులు చోటు మారుతోంది, 42వ రోజున పాత చోటికే వస్తున్నారు.

రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రం ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మాల వేసే ముందే వైద్యుణ్ణి కలవండి. పొగాకు మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 ఉచిత నంబరు ఉంది.

శనివారం భక్తుడు (ద్వారపూడి):
దీక్షను మందుబిళ్లలా కొలుస్తుంటే బాధగా ఉంది. సిగరెట్టు మానడానికి కాదు మాల వేసేది. నేను మాల తీసినా ప్రతి శనివారం మా ఊరి అయ్యప్ప గుడికి వెళతాను. అక్కడ నన్ను ఇప్పటికీ "స్వామీ" అనే పిలుస్తారు. ఆ పిలుపు విన్న నోటితో మద్యం తాగలేను. ఏడేళ్లయింది.

తులసికోట (భీమవరం):
అందరూ ఆయన మనసు గురించే మాట్లాడుతున్నారు. ఆ 41 రోజులు తెల్లవారక ముందే లేచి, ఇల్లు కడిగి, ఉల్లి వెల్లుల్లి లేకుండా వేరే గిన్నెల్లో వండేది ఎవరు? మా ఇంట్లో నేను. మా వారు కోపంగా ఒక్క మాట అనరు, ఎదురుపడినవాళ్లు చేతులు జోడిస్తారు. మాల తీసిన సాయంత్రమే పాత స్నేహితులు గుమ్మంలో ఉంటారు. ఆయన్ను 41 రోజులు నిలబెట్టింది ఆయన సంకల్పం ఒక్కటే కాదు మాస్టారూ, ఇల్లూ ఊరూ కలిసి నిలబెట్టాయి. మీ నాన్నగారు చుట్ట మానినప్పుడు మీ అమ్మగారు ఏం చేశారో ఎప్పుడైనా అడిగారా?

లంక మాస్టారు (కోటిపల్లి):
అడగలేదమ్మా. ఇంట్లో అగ్గిపెట్టె పొయ్యి దగ్గర తప్ప ఎక్కడా కనిపించేది కాదని మాత్రం గుర్తుంది. నిర్ణయం ముందు ఆయనదే అని ఇప్పటికీ అంటాను. కానీ మీ ప్రశ్న తీసిపారేయదగినది కాదు.

చెరువుగట్టు (పాలకొల్లు):
అందరివీ చదివి ఒక లెక్క వేసుకున్నాను. మాల తీశాక మొదటి సిగరెట్టు మూడేళ్లూ రొయ్యల చెరువు మీదే కాల్చాను. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళలో నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే. అందుకని రాత్రి రెండు గంటల నుంచి గట్టు మీద ఒంటరిగా మేలుకుని కూర్చుంటాను, చేతికి పని ఉండదు. మాలలో ఉన్నన్నాళ్లూ ఆ కాపలా మా తమ్ముడిది. అదే వేళకు నేను చన్నీళ్ల స్నానం చేసి పీఠం దగ్గర ఉంటాను. ఇంతకాలం ఇది నాకు తట్టనే లేదు.

మద్యం సంగతి వేరు. ఏటా డిసెంబరులోనే వెళ్లివచ్చేవాణ్ణి. మాల తీసేసరికి సంక్రాంతి, కోడిపందాలు, ఊళ్లకు తిరిగొచ్చిన చుట్టాలు. ఈసారి మకరజ్యోతికి వెళ్లే బృందంలో చేరతానని గురుస్వామికి చెప్పాను. తిరిగి వచ్చేసరికి కనుమ దాటిపోతుంది. శివరాత్రి దాకా రాత్రి కాపలా తనే చూసుకుంటానని తమ్ముడు ఒప్పుకున్నాడు, బదులుగా పగటి మేత పని నాది.

తులసికోట గారూ, మా ఆవిడను ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు, మాల వేయమంటావా అని. ఇప్పుడు వెళ్లి అడుగుతాను.