అప్‌డేట్: అమ్మానాన్నలతో ఆష్‌రిడ్జ్ వెళ్లొచ్చాం

లండన్ నుంచి కారు లేకుండా అమ్మానాన్నలకు బ్లూబెల్ పూలు ఎలా చూపించాలని అడిగాను కదా, మే మొదటి వారంలో వెళ్లొచ్చాం. యూస్టన్‌లో రైలెక్కి ట్రింగ్‌లో దిగాం. అక్కడి నుంచి ముందే మాట్లాడుకున్న టాక్సీ.

ఆష్‌రిడ్జ్ ఎస్టేట్‌లోని డాకీ వుడ్ అనే అడవిలో చెట్ల కింద నేలంతా నీలమే! అమ్మ మోకాళ్ల నొప్పి కూడా మర్చిపోయి, బాట అంచునే కూర్చుని ఒక పువ్వును చాలాసేపు చూసింది. కాడ ఒకవైపుకే వంగి ఉంది. చిన్న గంటల్లాంటి పూలు, రేకుల కొసలు వెనక్కి చుట్టుకున్నాయి. దయచేసి బాట దాటకండి. ఆకులు నలిగితే దుంపకు ఆహారం అందదు, మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

తర్వాత ఐవింగో బీకన్ కొండ ఎక్కాం. ముందురోజు వానకు దారంతా బురద. మంచి బూట్లు తీసుకెళ్లమన్నవాళ్లకు నాన్న ప్రత్యేకంగా థ్యాంక్స్ చెప్పమన్నారు.