మాడవీధిలో 'మాడ' అంటే ఏమిటి?

మొన్న ఆదివారం ఇక్కడ ఒక నలుపు తెలుపు ఫోటో పెట్టాను కదా, తిరుపతి గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో ఒకదానిది. దాని వెనకాల నాన్న చేతిరాతతో 'ఉత్తర మాడవీధి' అని ఉంది, అంతే. ఏ సంవత్సరమో రాయలేదు. అందరూ ఆ ఇళ్ల గురించి, తిన్నెల గురించి మాట్లాడుకుంటుంటే ఒకరు అడిగారు: "వీధి సరే, మాడ అంటే ఏంటండీ?" నేను పెరిగింది అక్కడికి రెండు సందుల అవతలే. అయినా ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. వారం రోజులుగా అదే ఆలోచన.

వచ్చిన జవాబుల్లో రెండింటి గురించి ముందు చెప్పాలి. మాడ అంటే బంగారు నాణెం కాబట్టి, కానుకలూ వ్యాపారమూ జరిగే వీధి కాబట్టి మాడవీధి అయిందని ఒకరన్నారు. మాడ అనే నాణెం నిజమే. బ్రౌన్ నిఘంటువులో అర వరహా అని ఉంది, కాకతీయుల కాలం శాసనాల్లోనూ మాడల లెక్కలు కనిపిస్తాయి. కానీ నాణేల వీధి అనాలంటే తెలుగులో 'మాడల వీధి' అంటాం. ఇంకొకరు, ఎండకు కాళ్లు మాడే వీధి అన్నారు. గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు వైశాఖంలో వస్తాయి. చెప్పులు లేకుండా ఆ వీధిలో నిలబడిన వాళ్లెవరికైనా ఆ మాట నిజమే అనిపిస్తుంది! అయితే ఈ రెండు జవాబులకూ ఒకటే చిక్కు. చెన్నై మైలాపూరులో కపాలీశ్వరుడి గుడి చుట్టూ ఉన్నవీ మాడవీధులే. అక్కడి తమిళుల నోట పుట్టిన మాటకు మన మాడ నాణెమూ, మన 'మాడిపోవడమూ' మూలం కాలేవు.

నాకు కుదిరిన జవాబు తమిళం వైపే ఉంది. తమిళంలో 'మాడం' అంటే అంతస్తులున్న పెద్ద ఇల్లు. మదురైకి 'నాన్మాడక్కూడల్' అనే పాత పేరుంది, అందులో ఉన్నదీ ఈ మాడమే. గోడలో దీపం పెట్టుకునే గూటినీ వాళ్లు మాడమే అంటారు. కాబట్టి మాడవీధి అంటే అంతస్తుల ఇళ్లు బారులు తీరిన వీధి. మన చిత్తూరు మాటలో చెప్పాలంటే మిద్దెల వీధి.

దీనికి నాకు కనిపించే గట్టి సాక్ష్యం 'తిరుమాడ వీధులు' అనే వాడుక. తమిళంలో 'శ్రీ' లాంటి ఈ 'తిరు' మన దగ్గర ఊరికే ఏ మాటకూ అతుక్కోదు. తిరుమల, తిరుచానూరు, తిరుమంజనం, అన్నీ తమిళం దారిలో వచ్చినవే. గుళ్లో ఆళ్వార్ల పాటలైన దివ్యప్రబంధం తమిళంలోనే చదువుతారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం తమిళ ఊళ్లతో కలిసి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది. ఇంటి మాట తెలుగు, గుడి మాటల్లో సగం తమిళం. అందులో తక్కువతనం ఏమీ లేదు, మా ఊరి తెలుగు అలాగే పెరిగింది.

ఇక్కడే ఇంకో విషయం. పేపర్లలో చాలాసార్లు 'మాఢ వీధులు' అని ఒత్తు పెట్టి వేస్తున్నారు. ఆషాఢం, గాఢం లాంటి సంస్కృత పదాల అలవాటు కావచ్చు. తమిళంలో ఒత్తు అక్షరాలే లేవు. దయచేసి 'మాడ' అనే రాద్దాం. ఒత్తు పెడితే మాట పుట్టిన చోటు కనిపించకుండా పోతుంది.

పక్కనే తేరువీధి ఉంది, కార్ స్ట్రీట్ అంటారు. ఇంగ్లీషువాళ్లు తేరును 'కార్' అన్నారు, ఆ పేరే నిలిచింది. మా అన్న కొడుకు అది కార్లు తిరిగే వీధి అనుకున్నాడు. వాడి తప్పేమీ లేదు, చెప్పాల్సింది మనం.

తిరుమల మాడవీధులను తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. అక్కడ కూడా ఒకప్పుడు ఇళ్లు, అంగళ్లు ఉండేవి. వీధుల వెడల్పు కోసం వాటిని తీసేశారు. లక్షల మంది వచ్చే చోట అది తప్పదని ఒప్పుకుంటాను. ఇప్పుడు అక్కడ వాహనసేవ చూసేవాళ్లకు గ్యాలరీలున్నాయి. మాడాలు పోయాయి, మాడ అనే మాట మిగిలింది. అందుకే మీ దగ్గర ఏ పాత ఫోటో ఉన్నా, కింద ఇప్పటి పేరుతో పాటు మీ అవ్వా తాతా ఆ చోటును ఏమని పిలిచేవాళ్లో కూడా రాయండి. తీర్థకట్ట వీధిని టీకే స్ట్రీట్ అని మాత్రమే రాస్తే, అందులో నీళ్ల గట్టు ఉందని రేపు ఎవరికి తెలుస్తుంది?

ఫోటో గురించి ఒకరు ఇంకోటి అడిగారు, దానికి జవాబు బాకీ ఉంది. "కింద తిన్నెల మీద అంత మంది ఉన్నారు, పై అంతస్తు కిటికీల్లో ఒక్కరూ లేరేం?" అని. ఫోటో మళ్లీ తీసి చూశాను. అందరూ ఎడమవైపుకు, అంటే పడమర మూలకు చూస్తున్నారు. ఉత్తర మాడవీధిలోకి ఊరేగింపు తిరిగేది ఆ మూల నుంచే. మేళం వినపడగానే మా అవ్వ పిల్లల్ని మిద్దె మీద నుంచి కేకేసి దించేది: "స్వామి వస్తా ఉండాడు, ఆయన కంటే పైన నిలబడకూడదు, దిగండ్రా!" ఆ రోజు ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అలాగే కేకేసి ఉంటారు.